సంక్రాంతి సెలవుల్లో తుర్కియే మంచుకొండలకు ఇంటిల్లిపాదీ వెళ్లాలంటే

మంచు చూడాలంటే హైదరాబాద్ వాళ్లకు గుల్మార్గ్ దగ్గర, మనాలి చవక. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నా. మేం తుర్కియే (మనం టర్కీ అనే దేశమే) దాకా పోవడానికి కారణం మా మరిది. వాళ్లు జర్మనీలో ఉంటారు, మేం నల్లకుంటలో. అత్తమ్మ ఇద్దరు కొడుకులతో కలిసి నాలుగు రోజులు గడపాలి, పిల్లలకు మంచు కావాలి. రెండు ఇళ్లకూ మధ్యలో ఎక్కడ అని మ్యాపు చూస్తే ఇస్తాంబుల్ తేలింది. మాది మందుల షాపు. తిరిగొచ్చినప్పటి నుంచి కౌంటర్ దగ్గర చిల్లర తీసుకుంటూ "మేడం, మంచుకి పోయొచ్చిన్రంట గదా, ఎట్ల పోవాలె?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. షటర్ దించే వేళకి నిలబడి చెప్పే విషయం కాదు కాబట్టి రాస్తున్నా.

మొదట ఇంట్లో ఒక మాట తేల్చుకోండి. మీకు కావలసింది మంచా, స్కీయింగా? స్కీయింగ్ నేర్చుకోవాలంటే కొండమీద అయిదారు రోజులుండాలి, డబ్బూ ఒంట్లో ఓపికా రెండూ కావాలి. మంచులో దొర్లాలి, బొమ్మ చేయాలి, జారాలి, ఫొటోలు దిగాలి అంటే రెండు రాత్రులు చాలు. మూడో రోజుకి పెద్దవాళ్లకి విసుగు, పిల్లలకి జలుబు. ఇక ఏ కొండకు వెళ్లాలన్నది ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని బట్టి తేల్చుకోండి. మా ఇంట్లో ఆ మనిషి అత్తమ్మ. మోకాళ్ల నొప్పి, బీపీ, పైగా శాకాహారి. ఆమెకి సరిపడితే మిగతా అందరికీ సరిపోతుంది.

ఎప్పుడు

అక్కడ స్కీ సీజన్ డిసెంబరు నుంచి మార్చి దాకా. దసరా సెలవులకి మంచు ఉండదు, మార్చిలో మన పిల్లలకి పరీక్షలు. క్రిస్మస్‌కి వెళ్దామంటే కొత్త సంవత్సరం రేట్లు, అదీగాక ఒక్కో ఏడాది డిసెంబరులో మంచు సరిగ్గా పట్టదు. మిగిలింది సంక్రాంతి. మన సెలవులు జనవరి రెండో వారంలో వస్తాయి. తుర్కియే బడులకి రెండు వారాల సెలవులు సాధారణంగా ఆ నెల మూడో వారం తర్వాత మొదలవుతాయి. అప్పుడు ఇస్తాంబుల్ జనమంతా కొండెక్కుతారు, గదుల ధరలు ఎక్కడికో పోతాయి. మన పండుగ సరిగ్గా దానికి ముందు పడుతుంది కాబట్టి ఆ సందులో వెళ్లి వచ్చేయాలి. ఆ ఏటి సెలవు తేదీలు చూసుకుని, కొండమీద ఉండే రెండు రాత్రులూ సోమవారం నుంచి గురువారం లోపు పడేలా పెట్టుకోండి. శని, ఆదివారాలు అక్కడి స్థానికుల రద్దీ.

"పండుగ పూట ఇంటికి తాళమేసి పోతమా బిడ్డా?" అని అత్తమ్మ అడగనే అడిగింది. సకినాలు ముందే చుట్టి, కాల్చి, స్టీలు డబ్బాలో పెట్టేసరికి ఆ సంగతి అక్కడితో సద్దుమణిగింది.

ఇంకో వాదన కూడా ఇంట్లో వస్తుంది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో తుర్కియే పాకిస్తాన్‌ను వెనకేసుకొచ్చిందని మనవాళ్లు చాలామంది ప్రయాణాలు మానుకున్నారు, కొన్ని ట్రావెల్ సైట్లు బుకింగులే ఆపేశాయి. మా ఫ్యామిలీ గ్రూపులోనూ దీనిమీద పెద్ద చర్చే నడిచింది. వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. వెళ్లేటట్టయితే మన విదేశాంగ శాఖ సూచనలు ఒకసారి చూసుకోండి, రద్దు చేసుకునే వీలున్న గదులే తీసుకోండి.

వీసా, విమానం

అమెరికా, బ్రిటన్, ఐర్లండ్, షెంగెన్ (యూరప్‌లో ఒకే వీసాతో తిరిగే) దేశాల్లో ఏదో ఒకదాని వీసా గానీ రెసిడెన్స్ పర్మిట్ గానీ చెల్లుబాటులో ఉంటే భారతీయులకి ఈ-వీసా వస్తుంది. ఒక్కసారి ప్రవేశం, 30 రోజులు. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ ఆధారం వీసా కూడా ఎలక్ట్రానిక్‌దైతే ఒప్పుకోరు, పాస్‌పోర్టులో అంటించిన స్టిక్కరో, చేతిలో పట్టుకునే కార్డో ఉండాలి. గూగుల్‌లో వెతికితే అచ్చం ప్రభుత్వ సైటులాగే కనిపించే ప్రైవేటు సైట్లు ముందుకొచ్చి రెట్టింపు వసూలు చేస్తాయి. అసలుది చివర డాట్ గవ్ డాట్ టీఆర్ అని ఉన్నదే. ఇంట్లో ఒక్కరికి ఆధారం వీసా లేకపోయినా ఆ ఒక్కరూ స్టిక్కర్ వీసాకి వేరుగా పెట్టుకోవాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, సెలవు లెటర్, పిల్లలకైతే బర్త్ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోండి. ఇలాంటివాళ్లుంటే దసరా దాటగానే పని మొదలుపెట్టాలి, డిసెంబరు దాకా ఆగితే టెన్షన్. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు ఉందా అన్నది పిల్లల పాస్‌పోర్టుల్లో ముఖ్యంగా చూడండి. వాళ్లవి అయిదేళ్లకే అయిపోతాయి, మనం పట్టించుకోం.

శంషాబాద్ నుంచి వెళ్లేది ఎక్కువగా గల్ఫ్ మీదుగా, అంటే దోహా, దుబాయ్, అబుదాబి. పెద్దవాళ్లుంటే మధ్యలో కనీసం రెండున్నర, మూడు గంటలు ఉండేలా చూసుకోండి, వీల్‌చెయిర్ టికెట్‌తోపాటే అడిగేయండి. ఇస్తాంబుల్‌కి రెండు ఎయిర్‌పోర్టులు. కొత్తది యూరప్ వైపు, సబీహా గొక్చెన్ ఆసియా వైపు. ఊరికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో దేశీయ విమానం ఎక్కేలా టికెట్ తీసుకుంటే సామాన్లతో, పిల్లలతో ఊరంతా దాటాలి. చవగ్గా వస్తోందని ఆ కనెక్షన్ తీసుకోకండి.

ఏ కొండ

పేర్లు చాలా వినిపిస్తాయి. ఎర్జురూమ్ ఊరి పక్కనున్న పాలన్‌దోకెన్ గట్టి స్కీయర్లది. 2011లో ప్రపంచ యూనివర్సిటీల శీతాకాల క్రీడలు అక్కడే జరిగాయి. ఊరే సుమారు 1,900 మీటర్ల ఎత్తులో ఉంటుంది, రాత్రి మైనస్ 20 మామూలు. మన పిల్లల్ని తీసుకెళ్లే చోటు కాదు. కార్స్ అనే ఊరి దగ్గరి సారికామిష్‌లో పైన్ చెట్ల మధ్య పొడి మంచు, చాలా అందమట, కానీ తూర్పు కొసన ఉంది. ఇస్తాంబుల్‌కి అన్నిటికంటే దగ్గరిది కార్తెపే. ఎత్తు తక్కువ కాబట్టి వెళ్లిన రోజు మంచు ఉంటుందని గ్యారంటీ లేదు.

మన కుటుంబాలకి నిజంగా పనికొచ్చేవి రెండే. బుర్సా ఊరి పైనున్న ఉలుదాగ్, కైసేరి పక్కనున్న ఎర్జియస్.

ఎర్జియస్ చల్లారిపోయిన అగ్నిపర్వతం, శిఖరం సుమారు 3,900 మీటర్లు. స్కీ సెంటర్ 2,200 మీటర్ల దగ్గర మొదలవుతుంది. వాలులు వెడల్పుగా ఉంటాయి, చెట్లు ఉండవు, కొత్తవాళ్లకి భయం తక్కువ. కైసేరి ఎయిర్‌పోర్టు నుంచి అరగంట, ముప్పావుగంట. కప్పడోకియా అనే చోటి గుహ హోటళ్లు కారులో గంటన్నర దూరం కాబట్టి రెండూ కలుపుకోవచ్చు. చిక్కేమిటంటే ఇస్తాంబుల్ నుంచి ఇంకో విమానం ఎక్కాలి, కొండమీద గాలి లేస్తే పైకి తీసుకెళ్లే స్కీ లిఫ్టులు ఆపేస్తారు. కప్పడోకియాలో జనాన్ని ఎక్కించుకుని ఎగిరే వేడిగాలి బెలూన్ మీద ఆశ పెట్టుకుని వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. చలికాలంలో గాలి వల్ల చాలా రోజులు ఎగరనివ్వరు, చిన్నపిల్లల్ని ఎక్కించుకోరు. అక్కడ కనీసం రెండు ఉదయాలు ఉంటేనే ఆశ పెట్టుకోండి.

మొదటిసారి వెళ్లేవాళ్లకి నా ఓటు ఉలుదాగ్‌కే. రెండో విమానం అక్కర్లేదు. ఇస్తాంబుల్ నుంచి బుర్సాకి రోడ్డు మీద రెండున్నర గంటలు. 2016లో కట్టిన ఉస్మాన్‌గాజీ వంతెన మీదుగా సముద్రపు పాయ దాటేస్తారు. పడవలు కూడా ఉన్నాయి గానీ దక్షిణం నుంచి లోదోస్ అనే గాలి వీస్తే రద్దవుతాయి. బుర్సా నుంచి పైకి వెళ్లడానికి రెండు దారులు. ఒకటి తెఫెర్రుచ్ స్టేషన్‌లో ఎక్కే కేబుల్ కార్. సుమారు 9 కిలోమీటర్లు, ఇరవై నిమిషాలకి కాస్త ఎక్కువ, చివరి స్టేషన్ హోటళ్ల దగ్గరే. కింద ఇళ్ల కప్పులు, తర్వాత బోడి చెట్లు, ఆ పైన పైన్ కొమ్మల మీద మంచు, ఇలా కిటికీలోంచి కాలం మారుతున్నట్టే ఉంటుంది. మా చిన్నోడు అద్దానికి ముక్కు ఆనించి, ఊపిరి ఆవిరితో అద్దం మసకబారితే చేత్తో తుడిచి మళ్లీ ఆనించి, పైదాకా అదే పని. రెండోది రోడ్డు, 35 కిలోమీటర్ల ఘాట్. గాలి ఎక్కువైతే కేబుల్ కార్ ఆపేస్తారు కాబట్టి రోడ్డు దారి కూడా మనసులో ఉండాలి. మీరు కారు అద్దెకి తీసుకుని నడపకండి. మంచు రోడ్డు మీద టైర్లకి గొలుసులు కట్టడం మనకి అలవాటు లేని పని, గొలుసులు లేని కార్లని మంచు రోజుల్లో వెనక్కి పంపేస్తారు. హోటల్‌నే వ్యాన్ అడగండి.

హిమాయత్‌నగర్‌లో ఒక ఏజెంటు మాకు ఇస్తాంబుల్ నుంచి ఉలుదాగ్ ఒక్కరోజు ట్రిప్ అంటగట్టబోయాడు. వివరం అడిగితే తెలిసింది: పొద్దున చీకట్లో బయలుదేరడం, దారిలో మిఠాయి దుకాణం, తోలు జాకెట్ల షోరూమ్, కొండమీద రెండు మూడు గంటలు, మళ్లీ బస్సు. జనవరిలో అక్కడ తెల్లవారేసరికే ఎనిమిదిన్నర అవుతుంది. ఆ ట్రిప్ వద్దు. పైన పడుకుని లేస్తేనే, పొద్దున ఎవరూ తొక్కని మంచు మీ పిల్లలకి దొరుకుతుంది.

గది

డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. మంచుకి ఆనుకుని ఉన్న హోటల్ అయితే అత్తమ్మ లాంటివాళ్లు అద్దాల వెనక టీ తాగుతూ పిల్లల్ని చూసుకోవచ్చు, పిల్లలు తడిసినప్పుడల్లా గదికొచ్చి బట్టలు మార్చుకోవచ్చు. కింద బుర్సాలో ఉండి రోజూ ఎక్కి దిగితే గది చవకే గానీ మనుషులు అలిసిపోతారు. పైన చాలా హోటళ్లు భోజనంతో కలిపే ఇస్తాయి. రేటు చూసి అదిరిపడకుండా, రెండు పూటలా మూడు పూటలా అన్నది అడిగి లెక్కేసుకోండి. రేట్లు అక్కడి డబ్బు లీరాలో చూసి ఆరు నెలల ముందు బడ్జెట్ వేసుకోవద్దు, అక్కడ ధరలు చాలా వేగంగా పెరుగుతాయి. యూరోల్లో అడగండి.

2025 జనవరి 21 తెల్లవారుజామున కర్తల్‌కయా అనే మరో స్కీ కొండమీద ఒక హోటల్ తగలబడి 78 మంది చనిపోయారు. స్కూలు సెలవులు కావడంతో కుటుంబాలే ఎక్కువ. అలారం మోగలేదని బయటపడ్డవాళ్లు చెప్పారు. అందుకని గదిలో దిగగానే నేను చేసేది ఒకటే. పిల్లల్ని వెంటబెట్టుకుని అత్యవసర మెట్ల దాకా నడుస్తాను, తలుపు నిజంగా తెరుచుకుంటుందో లేదో తోసి చూస్తాను. వీలైతే కింది అంతస్తు అడగండి. మోకాళ్ల నొప్పులవాళ్లకి ఎలాగూ అదే నయం.

బట్టలు, మందులు

పైన పగలు మైనస్ అయిదు, రాత్రి మైనస్ పది అనుకుని సర్దుకోండి. లావుపాటి స్వెటర్ ఒక్కటి వేసుకుంటే పని కాదు. ఒంటికి అంటుకునే థర్మల్స్, దానిమీద ఫ్లీస్ (మెత్తటి వెచ్చటి జాకెట్), పైన నీళ్లు ఇంకని జాకెట్, ప్యాంటు. జీన్స్, కాటన్ సాక్సులు కొండకి తేవద్దు, తడిస్తే ఆరవు. ఉన్ని చేతిగ్లవ్స్ మంచు ఉండ రెండుసార్లు పట్టుకుంటే తడి గుడ్డలే, పిల్లలకి వాటర్‌ప్రూఫ్‌వి రెండేసి జతలు కావాలి. ఇవన్నీ ఇక్కడే డెకథ్లాన్‌లో కొన్నాం. పై జాకెట్, ప్యాంటు మాత్రం కొండమీద అద్దెకిస్తారు, పెద్దవాళ్లకి కొనక్కర్లేదు. మంకీ క్యాప్‌ని మించిన టోపీ ఇంతవరకూ నాకు కనబడలేదు.

అత్తమ్మ చీర వదలనంది. బుర్సా దాకా చీరే కట్టింది. పైకి వెళ్లే పొద్దున థర్మల్స్ మీద మా తోటికోడలి పొడుగు కుర్తా, దానిమీద వాటర్‌ప్రూఫ్ ప్యాంటు వేయించాం. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని "మీ మామ ఉంటే గుర్తుపట్టకపోవు" అంది. చీర కుచ్చెళ్లు మంచులో తడిసి గడ్డకడితే కాళ్లకి అడ్డం పడి తూలిపోతారు, దీంట్లో మొహమాటపడకండి. బూట్లు చీలమండ దాటి ఉండాలి, అడుగు గరగరలాడాలి.

మందుల సంగతి నా వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతా. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనిచేయదు, పారేయాల్సిందే. కొండమీద లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోండి. ఆస్తమా ఇన్‌హేలర్ కూడా అంతే, చల్లబడితే డోసు సరిగ్గా రాదు. చలికి బీపీ పెరుగుతుంది కాబట్టి మాత్ర ఒక్క పూట కూడా మానవద్దు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక, వేసుకునే వేళ ముందే కాగితం మీద రాసివ్వండి. మోకాళ్లకి పెట్టుకునే బెల్టులు, మీ డాక్టరు రాసిన నొప్పి మాత్రలు వెంట ఉండాలి. చీటీ కూడా తీసుకెళ్లండి, దగ్గు మందుల్లో కోడీన్ ఉన్నవి అసలు వద్దు.

హీటర్ వేసిన గదుల్లో గాలి బాగా పొడిబారుతుంది. రాత్రి పిల్లలకి ముక్కులోంచి రక్తం వచ్చిందని కంగారుపడతారు. పడుకునే ముందు ముక్కు లోపలి అంచుకి కొంచెం వ్యాజలీన్, రేడియేటర్ మీద తడి టవల్, అంతే. సన్‌స్క్రీన్ అంటే మనవాళ్లు నవ్వుతారు. కొత్తగా పడ్డ మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని 80 శాతం దాకా పైకి తిప్పికొడుతుంది, గడ్డం కిందా ముక్కు కిందా కూడా మాడుతుంది. నల్లద్దాలు పిల్లలకీ ఉండాలి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా 2,500 మీటర్లు దాటాకే, ఉలుదాగ్ హోటళ్లు అంత ఎత్తులో లేవు.

అక్కడ మందుల షాపుకి గుర్తు ఎర్రటి ఇంగ్లిషు 'E' అక్షరం. రాత్రిపూట వంతులవారీగా ఒకటి తెరిచి ఉంచుతారు, మూసి ఉన్న షాపు తలుపు మీద ఆ రోజు ఎవరి వంతో అడ్రసుతో సహా ఉంటుంది. ఆ ఏర్పాటు చూసి నాకు ముచ్చటేసింది. అంబులెన్సుకి 112. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు స్కీయింగ్ దెబ్బలు వర్తిస్తాయా అని అడిగి రాతలో తెప్పించుకోండి, చాలా పాలసీల్లో అవి మినహాయింపు.

తిండి

శాకాహారులు పస్తుండరు. మెర్జిమెక్ చోర్బా అని ఎర్రపప్పు సూపు ప్రతిచోటా ఉంటుంది, నిమ్మకాయ పిండుకుని తాగితే మన పప్పుచారు తాగినవాళ్లకి హాయిగా ఉంటుంది. గొజ్లెమె అంటే ఆలుగడ్డో, పాలకూరో, చీజో పెట్టి పెనం మీద కాల్చిన పల్చటి రొట్టె. పొద్దున టిఫిన్‌లో ఆలివ్‌లు, చీజు, తేనె, జామ్‌లు బోలెడు. జాగ్రత్తపడాల్సింది అన్నం దగ్గర. పిలావ్ చూడటానికి తెల్లగానే ఉంటుంది గానీ కొన్నిచోట్ల కోడి ఉడికిన నీళ్లతో వండుతారు. "ఎత్‌సిజ్, తావుక్‌సుజ్" అని రెండూ చెప్పాలి, అంటే మాంసం వద్దు, కోడీ వద్దు. మొదటిది ఒక్కటే చెబితే కోడి వచ్చే ప్రమాదం ఉంది. ఆవకాయ, కారప్పొడి, పులిహోర పేస్టు చెక్-ఇన్‌లో వేసుకోండి, చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గర పోగొట్టుకుంటారు. చలిలో సాహ్లెప్ తాగడం మర్చిపోవద్దు. వేడిపాలలో ఒక రకం ఆర్కిడ్ దుంప పొడి వేసి, దాల్చిన చెక్క చల్లి ఇస్తారు. మాంసం తినేవాళ్లకి బుర్సా ఇస్కెందెర్ కబాబ్ పుట్టిల్లు, మా మరిది ఆ పూట ఇంకేమీ మాట్లాడలేదు.

మంచులో

మొదటి రోజు పిల్లలకి స్లెడ్జి (కూర్చుని మంచు మీద జారే చిన్న బండి) ఇప్పించండి. స్లెడ్జిలకి విడిగా కేటాయించిన వాలు మీదే ఆడాలి. కింద చెట్లు గానీ, రోడ్డు గానీ, స్కీ చేసేవాళ్ల దారి గానీ లేకుండా చూసుకోండి. గంటకోసారి లోపలికి తీసుకొచ్చి వేళ్లు చూడండి. వేళ్లు తెల్లబడి తిమ్మిరంటే ఆట ఆపేసి, గోరువెచ్చగా కాపాలి, రుద్దకూడదు. రెండో రోజు పొద్దున, కావాలన్నవాళ్లకి మాత్రం, ట్రైనర్‌తో ఒక గంట స్కీయింగ్ పాఠం. బూటు బిగింపు పిక్కల దగ్గర గట్టిగానే ఉండాలి, నొప్పి మాత్రం ఉండకూడదు. అద్దె షాపులో హామీ అడిగితే పాస్‌పోర్టు వదిలి రాకండి, ఇంకేదైనా గుర్తింపు కార్డు ఇవ్వండి. స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) మీద పిల్లల్ని ఒడిలో కూర్చోబెట్టుకుని తిప్పుతామంటారు, నేనైతే ఒప్పుకోను. ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది.

దిగి వచ్చాక నేరుగా ఎయిర్‌పోర్టుకి పోయేలా పెట్టుకోకండి. గాలో మంచో పట్టి రోడ్డు ఆగితే విమానం పోతుంది. ఒక రాత్రి బుర్సాలో ఉండండి. చెకిర్గె వైపు వేడినీటి ఊటల హమామ్‌లున్నాయి, మంచులో పడి లేచిన నడుములకి మందు. 1491 నాటి కోజా హాన్ అనే పాత బజారులో పట్టు అమ్ముతారు. అత్తమ్మ ఒక్కో స్కార్ఫూ వేళ్లతో నలిపి చూసి, పోచంపల్లి ముందు ఇదేం పట్టు అని పెదవి విరిచి, చివరికి మూడు కొంది. మర్నాడు ఇస్తాంబుల్, ఆ తర్వాతి రోజు విమానం. అద్దె జాకెట్లు తిరిగి ఇచ్చేటప్పుడు జేబులన్నీ వెతకండి, పిల్లల గ్లవ్స్ అందులోనే ఉంటాయి.